ఉసిరి చెట్టు కాడి షెడ్డు

ఇంకెవరిదన్నా పేరు చెప్పండి మేడం అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, ఎంత మెత్తగా అన్నాడంటే ఇంకో మనిషైతే సరేనయ్యా అని థాంక్స్ చెప్పి పెట్టేసేది. నేను పెట్టలేదు. ఎందుకు అని అడిగినా. ఎందుకంటే అని నసిగినాడు. గేటు కాడ బోర్డు ఉంది గదా మేడం, ఆ రోజు షెడ్డు ఎవురిదో దాని మీద పెద్దగా రాస్తాం గదా, వచ్చేపోయేవాళ్ళు చూస్తారు గదా, కార్తీక మాసం గదా అన్నాడు. ఒక్క మాటలో ఎన్నిసార్లు గదా అన్నాడో. చూడనీ నాయనా, ఎలీషబా అని రాయి, చూస్తారు అన్నా. ఆ పేరు రెండోసారి వినినాక ఫోన్‌లో వెనక ఎవరో ప్లాస్టిక్ కుర్చీలు లాగుతున్న చప్పుడు వచ్చింది. గంటలో నేనే చేస్తా మేడం, ఆలోచించుకోండి, వేరే సంఘం వాళ్ళు కూడా అదే శనివారం అడుగుతా ఉండారు, పేరు ఒక్కటి మార్చి చెప్పండి మీకే ఇచ్చేస్తా అని పెట్టేసినాడు. గోవర్ధన్ అంట ఆయన పేరు, ఆ పార్కుకు మేనేజరంట. తన పేరు మాత్రం అడగకముందే చెప్పినాడు, ఎంత సులువుగా చెప్పినాడు.

సరే, గంట. ఆ గంట నాకెట్లాగూ ఈ కుర్చీలోనే పోతాది. బుధవారం, టీకాల రోజు. తర్లుపాడు మండలంలో ఈ పల్లెకి నర్సును నేనే, ఎలీషబా అంటే ఈ ఊర్లో సగం మందికి తెలియదు, సూదులమ్మ అంటే పాలు తాగే పిల్ల కూడా గుర్తుపట్టి ఏడుస్తాది. టీకా వేసినాక అరగంట కూర్చోబెట్టాల, పిల్లకి ఏమన్నా తేడా చేస్తే చూసుకోవడానికి, అది రూలు. ఈ తల్లులకేమో ఆ అరగంట అంటే ఒళ్ళు మంట. కంది చేలో పనుందక్కా, గొర్లు దొడ్లోనే ఉండాయక్కా అని లేస్తా ఉంటారు, కూర్చో అంటా, నేను కూర్చోలేదా అంటా. వరండా నిండా ఇప్పుడు అట్ల కూర్చున్నోళ్ళే, తొడలు పట్టుకుని గుక్కపట్టిన పిల్లోళ్ళే. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, టీకాల ఐస్ పెట్టె మూత గట్టిగా నొక్కి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నా, చెయ్యి చల్లగా ఉండాది, తల మాత్రం కుతకుత ఉడుకుతా ఉండాది. ఓబులమ్మ ఎవురి పిల్లనో ఎత్తుకుని గోడవారగా అటూ ఇటూ తిరుగుతా ఉంది. ఆశా వర్కరు ఆమె, తల్లుల్ని ఇళ్ళ కాడ నుంచి లాక్కొచ్చేది ఆమే. నా ఫోన్ మాటలు వినింది. విననట్టు ఆ పిల్లకి ఉంగా ఉంగా అంటా ఉంది.

ఈ పిక్నిక్ ఆలోచన మొదట నాది కాదు, నాగలక్ష్మిది. మొన్న తుపానుకి వాగులు రోడ్ల మీదికొచ్చినప్పుడు, నెలలు నిండిన పిల్లని ఒకదాన్ని ట్రాక్టరెక్కించి, ట్రాక్టరు మధ్యలో ఆగిపోతే చెరో రెక్క పట్టుకుని నడుములోతు నీళ్ళలో దాటించినాం, నేనూ ఓబులమ్మా. నా కాలికింద ఇసుక జారిపోతా ఉంటే ఓబులమ్మ నా జడ పట్టుకుని లాగింది, ఇంకేం దొరకలేదంట, ఆ నొప్పి ఇప్పటికీ నెత్తి మీద ఉన్నట్టే ఉంటాది. అవతల గట్టున అంగన్వాడీ టీచరు నాగలక్ష్మి దుప్పటి పట్టుకుని ఏడుస్తా నిలబడింది, రెండో ఆశా వర్కరు షాహిదాబీ వాళ్ళ దుకాణంలోంచి ఫ్లాస్కులో టీ పోసుకొచ్చింది. ఆ పిల్ల మార్కాపురం ఆసుపత్రిలో కనింది, మగపిల్లోడు, బాగుండాడు. చీరలు పిండుకుంటా నాగలక్ష్మి అన్నది, అక్కా, మన బతుకులో ఏరంటే ఎవురినో ఒకర్ని దాటించడమేనా, ఒక్కసారన్నా ఊరికే పోదాం, ఊరికే కూర్చుందాం, అన్నం తిని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని వద్దాం అని. ఆ మాట నా లోపల ఎక్కడో పడిపోయింది. ఊరికే. ఎన్నేళ్ళయింది నేను ఊరికే కూర్చుని. మీటింగు కాకుండా, క్యాంపు కాకుండా, పెళ్ళీ చావూ కాకుండా ఒక చోటికి పోయి ఎన్నేళ్ళయింది. పోవాల్సిందే అన్నా. అప్పటి నుంచి పట్టుకున్నా, ఇక వదల్లేదు, మా మండలంలో మాతో కలిసి పనిచేసే ఆడోళ్ళందరికీ నేనే ఫోన్లు చేసినా, రెండో శనివారం అని నేనే తేల్చినా, ఆటోలు నేనే మాట్లాడినా.

ఏటిగట్టు పార్కు అంటారు దాన్ని, గుండ్లకమ్మ ఒడ్డున ఎవరో ప్రైవేటోళ్ళు కట్టినారు. నేను పోయి చూసినా ముందే, మార్కాపురంలో రివ్యూ మీటింగయినాక ఇంటికి రాకుండా బస్సెక్కి పోయినా. ఉయ్యాలలున్నాయి, జారుడుబల్ల ఉంది, తొక్కుకునే పడవ ఒకటి ఉంది గానీ అది ఎప్పుడూ రిపేరేనంట. నీళ్ళలోకి దిగడానికి మెట్లు కట్టినారు, ఆ మెట్ల పైన మంచి పెద్ద ఉసిరి చెట్టు, దాని పక్కన షెడ్డు, గచ్చు నేల, రెండు పొయ్యిలు, కొళాయి. ఆ షెడ్డులో కూర్చుంటే ఎదురుగా ఏరు ఒంపు తిరిగేది కనపడతాది. చూడంగానే ఇదే అనుకున్నా. ఏరు మెల్లిగా పోతా ఉండాది, మొన్న జడలు లాగించిన నీళ్ళేనా ఇవి అన్నట్టు. అప్పుడు ఆ బోర్డును కూడా చూసినా, గేటు కాడ, నల్ల బోర్డు, ఆ రోజుది ఏదో సంఘం పేరు సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలతో, వారి కార్తీక వనసమారాధన అని. లోపల ఫ్లెక్సీలు, ఫ్లెక్సీల నిండా మీసాల ఫోటోలు. కార్తీకం వస్తే ప్రతి కులానికీ ఒక వనభోజనం, మనవాళ్ళంతా కలవాలంట. ఎవురికి ఎవురు మనవాళ్ళో ఆ నెలలో తెలిసిపోతాది, మిగతా పదకొండు నెలలూ మనమంతా ఒకటేనని చెప్పుకుంటా తిరుగుతారు. ఆ రోజు నాకేం అనిపించలేదు, నిజం. మాది సంఘం కాదు గదా అనుకున్నా. మాది పని. ఒకే వాగులో తడిసిన ఆడోళ్ళం, మాకు బోర్డేంది అనుకున్నా. ఇప్పుడు అదే బోర్డు నా నెత్తి మీద కూర్చుంది.

ఈ మాట బయటికి పొక్కినాక ఎన్ని నోళ్ళు లేచినాయో. మా చర్చి పెద్ద ఒకాయన ఆదివారం ప్రార్థన అయినాక ఆపి, కార్తీకమాసం భోజనాలు మనకేందమ్మా, వాళ్ళు చెట్టుకు మొక్కింది మీరు తింటారా అన్నాడు. నేను వండింది నేను తింటానయ్యా, చెట్టు నీడ మాత్రం వాడుకుంటాం అన్నా. షాహిదాబీ ఇంట్లో ఆమె మొగుడు మౌలా సాహెబ్ అదే మాట ఆయన వైపు నుంచి అన్నాడంట. వారం రోజులు ఇంట్లో మాటల్లేవంట, చివరికి కొడుకు రఫీ మధ్యలో పడి, పోయి రా అమ్మీ, ఆ ఒక్క శనివారమేగా అని ఒప్పించినాడంట. అక్కా, ఆ శనివారం తప్పితే నాకు ఇంకో శనివారం లేదు, మళ్ళీ మొదటినుంచి అడగలేను అన్నది నిన్న. సంధ్యారాణి అని కొనకనమిట్ల వైపు నుంచి వచ్చే కొత్త నర్సు పిల్ల ఉంది, అత్తగారికి మీటింగని చెప్పి వస్తాదంట. ఎవురి తిప్పలు వాళ్ళవి. ఇంతమంది ఇన్ని గడపలు దాటుకుని వస్తా ఉంటే, ఇప్పుడు నేను నా పేరు పట్టుకుని కూర్చుంటే, షెడ్డు పోతాది, ఆ శనివారం పోతాది. అది నాకు తెలియదా. తెలుసు కాబట్టే ఐస్ పెట్టె మీద చెయ్యి పెట్టుకుని ఇంత ఉడుకుతా ఉండా.

గోవర్ధన్ పెట్టేసినాక మా ఇంటాయనకి చేసినా. ప్రకాశరావు లైన్‌మన్, ఏ తీగెలో కరెంటుందో చూసుకుని గానీ చెయ్యి పెట్టడు, సంసారంలోనూ అంతే. మొత్తం విని, ఎందుకు కెలుకుతావే, నాగలక్ష్మి పేరు చెప్పు, పోయేది ఏముంది, తినేది అన్నమా పేరా అన్నాడు. తినేది అన్నమే, కానీ ఎవురి అన్నం అని అడుగుతా ఉండారు అన్నా. నీతో గెలవలేనమ్మా, స్తంభం మీదున్నా అన్నాడు. స్తంభం మీదున్న మనిషితో ఏం వాదిస్తా. జాగ్రత్తగా దిగు అని పెట్టేసినా. ఆయన చెప్పింది తప్పని కూడా కాదు, ఇన్నేళ్ళూ అట్లనే నెట్టుకొచ్చినాం. మార్కాపురంలో ఇల్లు అద్దెకు వెతికినప్పుడు ముందు ఆయన పోయేది, ఆయన పేరు విని ఎవురూ ఏమీ కనిపెట్టలేరు, ప్రకాశరావు అంటే ఎవురైనా కావచ్చు, నేను మాత్రం బియ్యం మూటతో వెనక వచ్చేది. ఇంటామె మెట్ల మీద నిలబడి నన్ను పేరడిగేది. చెప్పేదాన్ని. అప్పుడు ఆమె లోపలికి పోయి మొగుడితో మాట్లాడి వచ్చేది. వచ్చి, మా చిన్నాడపడుచు వాళ్ళు దిగుతారంట అమ్మా అనేది. ఊర్లో ఎంతమందికి చిన్నాడపడుచులున్నారో అప్పుడే తెలిసింది నాకు.

ఆ పేరు మా అవ్వ పెట్టింది, బైబిల్లో చదివించుకుని పెట్టింది, ముసలితనంలో బిడ్డను కనిన ఆమె పేరుకు పాత రూపమంట, నేనూ మా అమ్మకి ఆలస్యంగానే పుట్టినా. నన్ను బళ్ళో వేసేటప్పుడు అయ్యవారు నాయనతో నెమ్మదిగా చెప్పినాడంట, ఇంట్లో ఏమైనా పిలుచుకోండి, రికార్డులో ఈశ్వరమ్మ అని రాస్తా, పిల్లకి రేపు కులం సర్టిఫికెట్‌కి మంచిది, మీవాళ్ళు చాలామంది అట్లనే చేస్తారు అని. నిజమే, చాలామంది చేసినారు, చేసినవాళ్ళని నేను ఒక్క మాట అనను, కడుపుకు కావాల్సిన పని చేసినారు. నాయన మాత్రం ఇంట్లో ఒక పేరు బళ్ళో ఒక పేరు ఏంది సామీ, పిల్ల ఏ పేరుకు పలకాల అన్నాడంట. అంతే. పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మనిషి, ఊపిరి నిండా ఆ దుమ్మే, ఒక మాట మాట్లాడి రెండు దగ్గులు దగ్గేవాడు, అంత పెద్ద మాట ఎట్ల మాట్లాడినాడో. దాని బిల్లు నేను కట్టినా. పేరు చూసి క్రిస్టియన్ అని ఎస్సీ సర్టిఫికెట్ ఇయ్యలేదు, బీసీది ఇచ్చినారు, ట్రైనింగు సీటు ఆ ఏడు రాలేదు, ఇంకో ఏడు వచ్చింది, నాతో చదివిన ఈశ్వరమ్మలూ లక్ష్మమ్మలూ నాకన్నా ముందు ఉద్యోగాల్లో చేరినారు. నాయన మీద కోపం వచ్చేది అప్పట్లో. ఇప్పుడు రాదు. ఇంత ఖరీదు పెట్టి కొన్న పేరు, దాన్ని ఒక శనివారం కోసం మూట కట్టి పక్కన పెట్టమంటే ఎట్ల పెడతా.

వనభోజనమంటే బళ్ళోదే గుర్తొస్తాది నాకు. కంభం చెరువు కట్ట మీదికి తీసుకుపోయినారు మమ్మల్ని, ఏడో తరగతో ఎనిమిదో. మా వాడ పిల్లలకి మాత్రం ముందు రోజే చెప్పినారు, మీరు ఇంటి కాడ నుంచి గిన్నెలు తెచ్చుకోండి, విస్తరాకులు చాలవు అని. అమ్మ సత్తు పళ్ళెం తోమి ఇచ్చింది. ఆడికి పోతే విస్తరాకులు కట్టలు కట్టలుగా ఉండాయి, మిగిలినవి మేకలు తింటా ఉండాయి. మేం నలుగురం పళ్ళేలు పట్టుకుని ఒక పక్కన కూర్చున్నాం. మిగతా ముగ్గురూ తల దించుకుని తింటా ఉంటే నాకు ఏం పూనిందో, పళ్ళెం పట్టుకుని లేచిపోయి వడ్డించే సార్ ముందు నిలబడి బూరెలు ఇంకా రెండు వెయ్యండి సార్ అన్నా. వేసినాడు. తిని మళ్ళీ పోయినా. మళ్ళీ వేసినాడు, మొహం చిట్లించుకుని. మూడోసారి పోతే అయిపోయినాయి అన్నాడు, గంప నిండా కనపడతానే ఉండాయి సార్ అన్నా. పొట్ట పగిలేదాకా తిన్నా ఆ రోజు. ఇంటికొచ్చి వాంతి చేసుకున్నా, అమ్మ తిట్టింది, ఎగబడి తినొచ్చిందని. ఎగబడినదాన్నే. ఆ తల పొగరు ఇంకా దిగలేదు, నెత్తి మీద జుట్టు తెల్లబడింది గానీ.

ఇంకో మాట కూడా అన్నాడు ఆ గోవర్ధన్, పెట్టేసే ముందు. పేరు మార్చడం ఇష్టం లేకపోతే కింద వైపు రేకుల షెడ్డు ఒకటి ఉంది మేడం, దానికి బోర్డు కూడా ఉండదు, ప్రశాంతంగా ఉంటాది, మీవాళ్ళు మొన్న ఎవరో అక్కడే చేసుకున్నారు అన్నాడు. కింద వైపు అన్నాడు చూడు, నాకు నవ్వొచ్చింది. మా ఊరి వాగుకి పైరేవు కిందిరేవు అని ఉండేవి. పైన వాళ్ళు బర్రెలు కడిగి, గుడ్డలుతికి, పిల్లల ముడ్లు కడిగి వదిలిన నీళ్ళు కిందికి మా రేవుకు వచ్చేవి, మా అమ్మ ఆ నీళ్ళని తెల్లారకముందే ముంచుకొచ్చేది, అప్పుడైతే పైన ఎవురూ దిగి ఉండరని. ఎవురూ గోడ కట్టలేదు, ఎవురూ బోర్డు పెట్టలేదు, నీళ్ళే పోయేవి పైనుంచి కిందికి. ఇప్పుడు ఎంత మంచి పార్కు కట్టినారు, ఎంత బాగా మెట్లు కట్టినారు, ఆ మేనేజరు కుర్రోడు పాపం కిందిరేవును చూసి కూడా ఉండడు, అయినా వాడి నోట్లోంచి అదే వచ్చింది. ఎవురు నేర్పినారు వాడికి. పుట్టంగానే చుక్కల మందు వేసినట్టు వేసేస్తారేమో. ఒకవేళ నా చేతి టీకా పడినవాడే అయ్యుండొచ్చు, నా చేతిలో వాడి తొడ ఉన్నప్పుడు నేను ఏ రేవుదాన్నో అడిగి ఉండదు వాళ్ళమ్మ.

ఓబులమ్మ ఎత్తుకున్న పిల్ల నిద్రపోయింది. ఆమె కూర్చోవడం లేదు, నా వైపు చూడటం లేదు. ఎందుకు చూస్తాది. వంట నేను చేస్తా, పప్పూ వంకాయ కూరా గోంగూర పచ్చడీ, కార్తీకం కాబట్టి అందరికీ కూరగాయలేనని నేను అన్నప్పుడు మొదట నోరు విప్పింది ఈమే. నేను డబ్బా తెచ్చుకుంటాలే అక్కా, ఈ నెలంతా బయట తినను, వేరేగా అనుకోవద్దు అన్నది. వేరేగా ఎట్ల అనుకోవాలో చెప్పు ఓబులమ్మా. ఆ తుపాను రోజు షాహిదాబీ తెచ్చిన ఫ్లాస్కుకు మూత ఒక్కటే, అందులో నేను తాగినాక కడగకుండా నువ్వు తాగినావు, చలికి పళ్ళు టకటకమంటా ఉంటే ఇంకొంచెం పొయ్యమన్నావు. చలికి నీ కార్తీకం గుర్తులేదు, ఎండ పడినాక గుర్తొచ్చింది. అయినా నా జడ పట్టి లాగింది నువ్వే, నువ్వు లాగకపోతే నేను ఈ కుర్చీలో లేను. ఈ రెండూ ఒక్క మనిషిలోనే ఎట్ల ఉంటాయో నాకు అర్థం కాదు. తెచ్చుకో నీ డబ్బా, కానీ నా పక్కనే కూర్చుని తినాల, నీ డబ్బాలోంచి నేను ముద్ద తీసుకుంటా, వద్దంటావేమో చూస్తా.

నాగలక్ష్మి పేరు చెబితే ఏం పోతాదో లెక్క వేసుకుని చూద్దాం అనుకున్నా. ఏం పోదు. ఏరు అదే, షెడ్డు అదే, షాహిదాబీ శనివారం ఆమెకుంటాది, సంధ్యారాణి అబద్ధం వృథా పోదు. గేటు కాడ బోర్డు మీద నాగలక్ష్మి గారు అని రాసి ఉంటాది, నేను దాని కిందనుంచి నడిచిపోతా, గోవర్ధన్ నవ్వుతా నమస్తే మేడం అంటాడు, ఎంత చక్కగా సర్దుకున్నారు అన్నట్టు. అందరూ కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంటారు, నేనూ పెట్టుకుంటా. కానీ ఊరికే కూర్చోలేను. అదే గదా నేను పోయేది, ఊరికే కూర్చోవడానికి, మరి ఆ పేరు కింద దాక్కుని నేను ఊరికే ఎట్ల కూర్చుంటా, ఎవురన్నా వచ్చి ఎవురమ్మా మీరు అంటే నాగలక్ష్మి వైపు చూడాల గదా నేను, వంట నాది, ఆటోలు నావి, పిలిచింది నేను, అయినా నేను చుట్టంలాగా చూడాల. వద్దు. ఇట్ల సర్దుకున్న ఏళ్ళు చాలు. కిందిరేవులో అమ్మ చాలు, ఇంటామెల చిన్నాడపడుచులు చాలు. షెడ్డు పోతే పోనీ, షాహిదాబీ కాళ్ళు పట్టుకుంటా, మౌలా సాహెబ్ దుకాణం ముందు నేనే పోయి కూర్చుని ఇంకో శనివారం అడిగి ఇప్పిస్తా, అది నా తిప్పలు.

అప్పుడు వచ్చింది నాగలక్ష్మి, పక్క గదిలోని అంగన్వాడీ నుంచి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటా. మొహమంతా నవ్వు. నాకు ఈ ఊర్లో నాగలక్ష్మికన్నా దగ్గరి మనిషి లేదు, క్రిస్మస్‌కు మా ఇంట్లో బిర్యానీ కంచం నాకి మరీ తింటాది, నా కూతురి కానుపుకు రాత్రంతా కూర్చుంది, ఆమెలో ఏ మెలికా లేదు, అది నేను ఎక్కడైనా చెబుతా. అక్కా, అయిపోయింది, నేను మాట్లాడేసినా ఆయనతో అన్నది. నా పేరు చెప్పినా, రాసేసుకున్నాడు, ఉసిరి చెట్టు కాడిదే, ఇక నువ్వు మనసు పాడు చేసుకోవద్దు. ఎవురు చెప్పినారు ఈమెకి. ఓబులమ్మ గోడ వైపు తిరిగింది, సరే, అర్థమైంది, పిల్లను ఆడిస్తా ఆడిస్తా పక్క గదిలోకి పోయి వచ్చింది ఎప్పుడో.

"నన్ను అడిగినావా?" అన్నా.

"అడిగితే వద్దంటావని తెలుసక్కా."

"తెలిసే చేసినావు."

నవ్వు పోయింది ఆమె మొహంలో. ఇంకెవురైనా అయితే కడిగేసేదాన్ని, ఈమెను ఏమనాలి. నీ కోసమేగా అక్కా, నిన్ను వాడు అట్ల అనడం నాకు నచ్చలేదు, అందుకే నా పేరు ముందు పెట్టి మూసేసినా వాడి నోరు అన్నది. వాడి నోరు మూయలేదు తల్లీ, నాది మూసినావు అన్నా. కళ్ళు నీళ్ళు పెట్టుకుంది. వరండాలో తల్లులందరూ మాటలాపేసి మమ్మల్నే చూస్తా ఉండారు, ఒక పిల్ల మాత్రం ఎక్కిళ్ళు పెడతా ఉంది. సుద్దముక్కతో రాసే రాత అక్కా, సాయంత్రానికి తుడిచేస్తారు, దానికింత పట్టింపెందుకు అన్నది నాగలక్ష్మి.

"తుడవనీ. రాసినాక తుడవనీ."

ఫోన్ తీసి ఆయన నంబరు నేనే నొక్కినా, ఆయన గంట అయ్యేదాకా ఆగలేదు. స్పీకర్ పెట్టి ఐస్ పెట్టె మీద పెట్టినా, అందరూ వినాలని. నాగలక్ష్మి నా భుజం పట్టుకుంది, ఆపడానికో ఆసరాకో నాకు తెలియదు, ఆమెకీ తెలిసి ఉండదు. ఎత్తినాడు. అయిపోయింది గదా మేడం, నాగలక్ష్మి మేడం చెప్పినారు, రాసుకున్నా అన్నాడు హాయిగా. కొట్టెయ్యి నాయనా అన్నా. నాగలక్ష్మి వస్తాది, నాతో వస్తాది, షెడ్డు మాత్రం నా పేరున, ఎలీషబా, ఉసిరి చెట్టు కాడిది, పైవైపుది. మళ్ళీ ఆ కుర్చీల చప్పుడు. ఇయ్యలేనంటే ఇయ్యలేనని చెప్పు, ఎందుకు ఇయ్యలేవో కూడా చెప్పు, ఇక్కడ వరండా నిండా పిల్లల తల్లులు వింటా ఉండారు, వాళ్ళలో పై ఏడు నీ పార్కుకు వచ్చేవాళ్ళు కూడా ఉండారు అన్నా. అవతల ఎవరితోనో గుసగుసలాడినాడు. సరే మేడం రాస్తాలే అన్నాడు, ఆ లే ఒకటి తగిలించినాడు. తగిలించుకోనీ. నాగలక్ష్మి ముక్కు చీదుకుంది. నేను పెట్టేయబోతా ఉంటే మళ్ళీ ఆయనే, ఈసారి మెత్తగా కాదు, నిజంగా భయపడినట్టే అడిగినాడు.

"ఆ రోజు ఎవరన్నా పెద్దవాళ్ళు వచ్చి, ఈ షెడ్డు వీళ్ళకెందుకు ఇచ్చినావని అడిగితే నేనేం చెప్పాల మేడం?"

"నువ్వేం చెప్పొద్దు నాయనా. నా కాడికి పంపు. నేను ఆడనే కూర్చుని అన్నం తింటా ఉంటా."